నాయన గదిలో సముద్రం

మా తమ్ముడు గాడ్విన్ బావమరిది పెళ్ళి శ్రీనివాసపురంలో. మామిడికాయల కాలం. మండీ ముందు లారీలు బారులు తీరి దారి దొరకదని, ముందురోజే బయల్దేరాలని వాడి తొందర. ఇంట్లో చేపల తొట్టిని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. నేను క్యాసంబళ్ళిలో చిన్నపిల్లల బడిలో టీచర్ని. ఎండాకాలం సెలవులు కాబట్టి నాకు ఫోన్ చేశాడు. "రెండు పూటలు ఉండక్కా. ఊరికే చూస్తా ఉంటే చాలు."

నాకు వెళ్ళాలని లేదు. ఆ ఇంట్లో మా నాయన అమృతరాజు పోయి ఏడాది కూడా కాలేదు. కానీ కాదనడానికి సాకు దొరకలేదు.

మా ఇల్లు కోరమండల్‌లో, బంగారు గని పనివాళ్ళకు కట్టిన లైను ఇళ్ళలో ఒకటి. ఒకే గోడకు ఇటు మేము, అటు ఎమిలీ అత్త. ఆమె మాకు చుట్టం కాదు, ఆమె భర్తా మా నాయనా గనిలో ఒకే షాఫ్టులో దిగేవాళ్ళు. ముందొక గది, వెనకొక గది, వంటకు కాస్త చోటు. వెనక గది నాయనది. గాడ్విన్ రోజూ రైల్లో బెంగళూరు వెళ్ళి వచ్చే ఉద్యోగస్థుడు. అక్కడెవరి ఆఫీసులోనో ఉప్పునీళ్ళ తొట్టి చూసి మనసు పారేసుకున్నాడు. పగడాలు, వాటి మధ్య తిరిగే నారింజ రంగు చేపలు. సముద్రం మొహం చూడని ఊళ్ళో, గని తవ్విన మట్టిదిబ్బల నీడలో, మా ఇంట్లో ఒక సముద్రం పెట్టాలనుకున్నాడు. ముందుగదిలో ఎండ తగులుతుందని దాన్ని నాయన గదిలో పెట్టాడు. నాయన మంచం కిటికీ దగ్గర్నుంచి మూలకు జరిగింది. కిటికీకి నల్లకాగితం అంటించారు. నాయన ఏమీ అనలేదు. ఆయన ఎవరినీ ఏమీ అనే మనిషి కాదు.

నేను చేరేసరికి మరదలు సుమ పట్టుచీర కట్టుకుని కారులో కూర్చుని ఉంది. గాడ్విన్ నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళాడు.

గది చెమ్మగా ఉంది. గాలిలో ఉప్పు. తలుపు గొళ్ళెం తుప్పు పట్టి చేతికి ఎర్రగా అంటింది. గోడకున్న శిలువ మేకు చుట్టూ తుప్పు కారిన చార. నాయన మంచం లేదు. అది దొడ్లో గోడకు నిలబెట్టి ఉంది, దాని మీద సుమ బట్టలు ఆరేసింది. మూలలో దుప్పటి కప్పిన ఒక వస్తువు. చూడగానే తెలిసింది. నాయన ఆక్సిజన్ మిషను.

"ఇంకా ఉంచినారా దీన్ని?"

"ఎవురికన్నా ఇచ్చేయాల. టైం దొరకలా" అని వాడు మాట మార్చాడు. తొట్టి కింద ఉన్న చెక్క బీరువా తలుపు తీసి వంగి కూర్చున్నాడు. "పైన కనిపించేది షోకు. అసలు పని చేసేది ఇది."

లోపల ఒక గాజు పెట్టె, అరలు అరలుగా. పైతొట్టి నీళ్ళు గొట్టం గుండా దిగి, ఈ అరలన్నీ దాటి, మోటారు తోడితే మళ్ళీ పైకి పోతున్నాయి. మధ్య అరలో పచ్చటి పాచి. చిక్కుపడ్డ దారపు ఉండలాగా ఉంది. నీటి వేగానికి మెల్లగా దొర్లుతోంది.

"చేపలు తిని వదిలే మలినమంతా నీళ్ళలోనే కరుగుతాది గదా. అదే నైట్రేటు, ఫాస్ఫేటు. ఎక్కువైతే పగడాలు చచ్చిపోతాయి. ఈ పాచి ఆ మలినాన్ని తిని పెరుగుతాది. పెరిగినంతా మనం పీకేస్తే నీళ్ళు బాగుపడతాయి. బెంగళూరోళ్ళు కీటో అంటారు దీన్ని."

"అన్నం మానేసి సన్నబడతారే, ఆ కీటోనా?"

"అది వేరే లేక్కా." వాడు నవ్వలేదు. "పైన తొట్టికి పగలు లైటు, దీనికి చీకటి పడినాక లైటు. అన్నీ వాటంతటవే వెలుగుతాయి, ఆరుతాయి. ఒకటే ఇబ్బంది."

చిన్న గాజుసీసాలో తొట్టి నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి కదిపాడు. నీళ్ళు గులాబీ రంగుకు తిరిగి, చూస్తుండగానే ముదిరి ఎర్రబడ్డాయి.

"చూడు. నైట్రేటు దిగడమే లేదు. ఉండేది రెండే చేపలు. మేత చిటికెడు. అయినా నీళ్ళు ఇట్లనే ఉండాయి. పాచి చూస్తే నిన్న పిడికిళ్ళతో పీకినాను, తెల్లారేసరికి మళ్ళీ నిండిపోయినాది. ఇది ఏం తిని ఇంత పెరుగుతా ఉండాదో నాకి అర్థం కావడం లేదు."

"ఎప్పుట్నుంచి ఇట్ల?"

వాడు సీసా కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టాడు. "పోయిన వానాకాలం నుంచి" అన్నాడు.

నాయన పోయింది పోయిన వానాకాలంలోనే.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పాడు. "సాయంత్రం ఒక పిడికెడు పాచి పీకి బకెట్లో వెయ్యి. కరెంటు పోతే భయపడొద్దు. ఇన్వర్టర్ ఉండాది, మోటారు ఆగదు. మోటారు ఆగితే మటుకు చేపలు దక్కవు."

కారు వెళ్ళిపోయాక ఇల్లంతా నీళ్ళ చప్పుడే మిగిలింది.

*

మధ్యాహ్నమంతా ముందుగదిలోనే కూర్చున్నాను. నాయన గదిలోకి పోవాలంటే కాళ్ళు రావడం లేదు. ఆయన ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. గనిలో పీల్చిన పొడి గని మూసినా బయటికి రాదు. ఆఖరి రోజుల్లో ముక్కుకు గొట్టం పెట్టుకుని, మిషను హోరులో, తొట్టి పక్కనే పడుకునేవాడు. నేను చూడ్డానికి వచ్చినప్పుడు, "రాత్రిపూట ఆ నీళ్ళ చప్పుడుకి నిద్ర పట్టదమ్మా" అన్నాడు ఒకసారి. గాడ్విన్‌కి చెప్తే, "బెంగళూర్లో ఆ చప్పుడు వింటే నిద్రొస్తాదని పెట్టుకుంటారు" అన్నాడు.

చనిపోయినరోజు నాకు ఫోన్ వచ్చినప్పుడు కూడా వాడు అంతే నిదానంగా మాట్లాడాడు. మిషను నడుస్తూనే ఉండిందట. నిద్రలోనే పోయాడట. నేను నమ్మాను. నమ్మితే కాస్త ఊరటగా ఉండింది.

పొద్దు వాలుతుండగా మబ్బు కమ్మింది. ఇంట్లో దీపాలు వేసి, చెప్పిన పని చేసేద్దామని వెనక గదిలోకి వెళ్ళాను. బీరువా తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి నీళ్ళలో పెట్టాను.

నీళ్ళు చల్లగా ఉంటాయనుకున్నాను. వెచ్చగా ఉన్నాయి. ఒంటి వెచ్చదనం.

పాచిని పట్టుకుని లాగాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే తెగి వచ్చింది. గరుకుగా, తడిగా, బరువుగా ఉంది. బకెట్ మీద పట్టి పిండాను. పచ్చటి నీళ్ళు కారుతాయనుకుంటే బూడిదరంగు నీళ్ళు కారాయి. సున్నం కలిపినట్టు చిక్కగా. వేళ్ళ మధ్య ఏదో నలిగింది. రుద్ది చూశాను. పొడి... రాయి నూరితే వచ్చే మెత్తటి పొడి.

అప్పుడు తగిలింది వాసన. ఉప్పు వాసన కాదు. తడి రాయి, పేలిన మందు, చెమట కలిసిన వాసన. చిన్నప్పుడు నాయన షిఫ్టు దిగి వస్తే, ఆయన కంటే ముందు ఈ వాసనే ఇంట్లోకి అడుగు పెట్టేది. గని మూతపడి ఎన్నో ఏళ్ళైంది. ఈ వాసన ఊళ్ళో ఎక్కడా లేదు.

పాచిని బకెట్లో పడేసి చేతులు సబ్బుతో కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను. వాసన పోలేదు.

పైతొట్టిలో లైటు ఆరింది. కింద బీరువాలో లైటు వెలిగింది. ఎరుపూ ఊదా కలిసిన వెలుతురు, తలుపు సందులోంచి నేల మీద పరుచుకుంది. అదే సమయానికి వాన మొదలైంది. రేకుల మీద రాళ్ళు పోసినట్టు.

కరెంటు పోయింది.

ముందుగది, వంటిల్లు, వీధి అన్నీ చీకటి. వెనక గదిలో మాత్రం ఆ ఊదా వెలుతురు అలాగే ఉంది. ఇన్వర్టర్ అందుకుంది. మోటారు నడుస్తూనే ఉంది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. మోటారు చప్పుడు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కదా. ఇప్పుడు అలా లేదు. ఒకసారి లోపలికి లాగుతోంది... ఆగుతోంది... చాలాసేపు ఆగుతోంది... తర్వాత మెల్లగా వదులుతోంది. వదిలేటప్పుడు చివర్లో చిన్న గురగుర.

ఆ లయ నాకు తెలుసు. ఆసుపత్రిలో రాత్రులు మంచం పక్కన కూర్చుని, ఆగినప్పుడల్లా నేనూ ఊపిరి బిగబట్టి, మళ్ళీ మొదలయ్యేదాకా లెక్కపెట్టుకున్న లయ అది.

వంగి చూశాను. పాచి దొర్లడం లేదు. ఉన్నచోటే ఉబ్బుతోంది... తగ్గుతోంది. నేను తెంచిన చోటు అప్పటికే పూడిపోయింది.

"నాయనా" అన్నాను.

ఊపిరి అలాగే సాగుతోంది.

పరిగెత్తి బయటపడాలి. కానీ నా కళ్ళు ఆ వైరు మీద పడ్డాయి. బీరువా వెనకనుంచి వచ్చి, గోడ వెంట పాకి, ఇన్వర్టర్ నుంచి వచ్చే సాకెట్లో దిగిన వైరు. ఒక్కటే సాకెట్. ఫోను వెలుతురులో గోడంతా వెతికాను. ఇంకొకటి లేదు. మూలలో దుప్పటి కింద మిషను వైరు చుట్టి ఉంది. దాన్ని విప్పి చూశాను. ఆ గోడ మీద అది అందేది ఈ సాకెట్ ఒక్కదానికే. రెండింట్లో ఏదో ఒకటి పెట్టాలి. తొట్టి. లేదా మిషను.

పోయిన వానాకాలంలో ఏది పెట్టి ఉండింది?

అలా నిలబడి ఉండగానే ఎదుటి గోడ మీద తట్టిన చప్పుడు.

టక్... టక్... టక్...

నాయన తలగడ ఉండే చోటు. నా మోకాలి ఎత్తులో. నేను ఆ గోడకు బాగా దూరంగా ఉన్నాను.

టక్... టక్... టక్...

అవతలనుంచి ఎమిలీ అత్త తిరిగి తట్టింది. కాసేపటికి వీధితలుపు దగ్గర ఆమె గొంతు. గోనెపట్ట నెత్తిన వేసుకుని, వానలో నిలబడి ఉంది.

"ఎన్నమ్మా జూలీ? గోడ తట్టినావే?"

"నేను తట్టలేదత్తా."

ఆమె నా భుజం మీదుగా లోపలికి చూసింది. వెనక గది గుమ్మంలో పరుచుకున్న ఊదా వెలుతురు చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"లోపలికి రా అత్తా."

"నేను రాను తల్లీ."

"నాయన పోయినప్పుడు ఏం జరిగింది? నీకు తెలుసు గదా."

గోనెపట్ట అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"ఆ పొద్దు గూడా ఇట్లే వాన. కరెంటు పోతానే మీ నాయన మిషను కూత పెట్టింది. కరెంటు అందకపోతే అది కూస్తాది. ఇన్వర్టర్ ఉండాది గదా, ఎందుకు కూస్తా ఉండాదని అనుకున్నా. ఆగలేదు. చానాసేపు కూసింది. అప్పుడు మీ నాయన గోడ తట్టినాడు. మూడు మూడుగా. గనిలోపల రాళ్ళు పడి చిక్కుకుపోయినోళ్ళు గాలి పైపు మీద ఇట్లనే తట్టేవాళ్ళంట. మా ఆయన చెప్పేవాడు. నేను పరిగెత్తి వచ్చినా. గాడ్విన్ తలుపు సందులో నిలబడి, ఏం లేదు ఆంటీ, నిద్రపోతా ఉండాడు, అన్నాడు. వాని వెనక ఈ లైటే... ఇదే రంగు... మండతా ఉండింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పేది? పోయినోడు పోయినాడు. నాకు పక్కింట్లో ఉండేది వాడొకడే. రాత్రి గుండె పట్టుకుంటే ఆసుపత్రికి తీసుకుపోయేది వాడే గదా."

ఆమె తలవంచుకుని వెళ్ళిపోయింది. అవతల తలుపు గొళ్ళెం పడ్డ చప్పుడు వినిపించింది.

*

గాడ్విన్ వెంటనే ఫోన్ ఎత్తాడు. వెనక నాదస్వరం, పిల్లల అల్లరి.

"ఏమైందక్కా? కరెంటు పోయిందా? మోటారు ఆగిందా?"

"ఇన్వర్టర్‌కి ఒక్కటే సాకెట్ ఉండాది గాడ్విన్."

"ఔ. అందుకే తొట్టి దాంట్లో పెట్టినా."

"నాయన పోయిన పొద్దు దాంట్లో ఏం పెట్టి ఉండింది?"

నాదస్వరం దూరమైంది. వాడు పందిరి బయటికి నడుస్తున్నట్టుంది.

"కరెంటు అరగంటలో వచ్చేస్తాది అనుకున్నా. ఆక్సిజన్ సిలిండర్ ఒకటి ఉండె. అది అయిపోయిందని చూసుకోలా. నీళ్ళు ఆగితే అన్నీ చస్తాయక్కా, ఒక్కటి మిగలదు. ఎంత కష్టపడి పెంచినానో నీకు తెలీదు..."

"నాయన ఏమన్నాడు?"

"ఏమీ అనలా. తొట్టి వైపు చూసినాడు, నా వైపు చూసినాడు. చెయ్యి ఇట్ల ఊపినాడు."

"పెట్టుకోమనా? తీసేయమనా?"

వాడి ఊపిరి వినిపిస్తోంది. నా వెనక గదిలో ఇంకో ఊపిరి.

"అక్కా" అన్నాడు చివరికి. "ఇప్పుడు మోటారు నడస్తా ఉండాదా లేదా?"

ఫోన్ పెట్టేశాను. నాకు ఏడుపు రాలేదు. వాడు ఏడుస్తూ ఒప్పుకుని ఉంటే నాకూ వచ్చేదేమో. వెనక గదిలోకి నడిచి, సాకెట్లోంచి తొట్టి ప్లగ్గు పీకేశాను.

ఊదా వెలుతురు ఆరింది. చిమ్మచీకటి. గొట్టాల్లో మిగిలిన నీళ్ళు గళగళమని కిందికి దిగి... ఆగిపోయాయి. వాన తప్ప ఏ చప్పుడూ లేదు.

తర్వాత ఊపిరి.

మోటారు లేదు. నీళ్ళు కదలడం లేదు. అయినా ఊపిరి... వేగంగా... తెగిపోతూ... లాగుతోంది, అందడం లేదు... లాగుతోంది... గోడ మీద టక్ టక్ టక్... ఆగకుండా... ఇప్పుడు గోళ్ళతో గీరినట్టు...

ఏం చేస్తున్నానో ఆలోచించలేదు. దుప్పటి లాగేసి, మిషను ప్లగ్గు తడుముకుంటూ తెచ్చి ఆ సాకెట్లో గుచ్చాను. మిషను ఒకసారి కూతపెట్టి హోరుమని లేచింది. గొట్టం ఇంకా దానికే తగిలించి ఉంది. ముక్కుకు పెట్టుకునే చివర పట్టుకుంటే గాలి తగిలింది. చీకట్లో బీరువా ముందు కూలబడి, గొట్టాన్ని నీళ్ళలోకి దింపి, పాచి మధ్యలో పెట్టి పట్టుకున్నాను.

బుడగలు.

వేగం తగ్గలేదు. తగ్గలేదు... తర్వాత కాస్త తగ్గింది. గోడ మీద చప్పుడు ఆగింది. పాచి నా వేళ్ళ చుట్టూ చుట్టుకుంది. గట్టిగా కాదు. జ్వరంలో ఉన్న మనిషి చెయ్యి పట్టుకున్నట్టు. నేను చెయ్యి తీయలేదు.

"నెమ్మదిగా నాయనా" అన్నాను. "నెమ్మదిగా పీల్చు. నేనుండాను."

ఒక మాట అంటాడేమోనని చూశాను. వాడి మీద కోపమో, నా మీద నిష్ఠూరమో, ఏదో ఒకటి. ఏమీ అనలేదు. బతికున్నప్పుడు ఎలా ఉన్నాడో అలాగే.

మిషను మీది చిన్న ఆకుపచ్చ దీపం వెలుతురులో పైతొట్టి అద్దం మసగ్గా కనిపిస్తోంది. రెండు చేపలూ నీటి పైకి వచ్చాయి. నోళ్ళు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. గాలి కోసం పైపైకి వస్తున్నాయి. ప్లగ్గు నా మోకాలి దగ్గరే పడి ఉంది. నేను వాటిని చూస్తూ కూర్చున్నాను. పాపం అనిపించింది. ఆ పాపం అన్నది నా తమ్ముడికి కూడా ఆ పొద్దు అనిపించే ఉంటుందని, ఎవరి మీద అనిపించిందన్నదే తేడా అని తోచింది. ప్లగ్గు ముట్టుకోలేదు.

కరెంటు వచ్చేసరికి వాన వెలిసింది. చేపలు ఇసుక మీద పక్కకు ఒరిగి ఉన్నాయి. కింద గాజు పెట్టెలో ఊపిరి లేదు. పాచి పచ్చగా, తేటగా, అరలో ఒక మూలన ఒదిగి ఉంది. వాసన పోయింది.

నిద్రపోయాడు అనుకున్నాను.

*

గాడ్విన్ పెళ్ళి చూడకుండానే తెల్లవారేసరికి వచ్చేశాడు. గదిలోకి వెళ్ళి, చేపల్ని చూశాడు, నేల మీద ప్లగ్గును చూశాడు, సాకెట్లో మిషను వైరు చూశాడు. సీసాలో నీళ్ళు పట్టి చుక్కలు వేశాడు. కదిపాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఎంతసేపు పట్టుకున్నా రంగు తిరగలేదు.

"దిగిపోయినాది" అన్నాడు. గోడకు చేరగిలబడి ఏడ్చాడు. చేపల కోసమో, దేనికో, నేను అడగలేదు. సంచీ తీసుకుని బస్సెక్కాను.

ఆ తర్వాత వాడూ నేనూ మాట్లాడుకున్నది ఒక్కసారే. ఆ గదిని తలుచుకుంటే నాకు ఒకటే తోచేది, ఆ పాచిని అక్కడ ఉంచకూడదని. నాయన సమాధి పక్కన కాస్త మట్టి తీసి, దాంట్లో పెట్టి, నాలుగు మాటలు ప్రార్థన చేద్దామనుకున్నాను. ఎవరికీ చెప్పనవసరం లేదు. మనసు గట్టి చేసుకుని ఫోన్ చేశాను.

"ఆ పాచి నాకిచ్చెయ్యి."

"తొట్టి తీసేసినా అక్కా" అన్నాడు. "పగడాలు ఎట్లాగూ దక్కలేదు. అద్దాలు, మోటార్లు అమ్మేసినా."

"పాచి?"

"బెంగళూర్లో తొట్లు పెట్టుకున్నోళ్ళు ఒక గుంపు ఉండారు. మంచి పాచి అంటే ఎగబడతారు. నీళ్ళు పోసి కవర్లలో కట్టి, రైల్లో తీసుకుపోయి ఇచ్చేసినా. తలా కొంచెం."

"ఎవురికి?"

"అడిగినోళ్ళకందరికీ. నాకి గుర్తులేదు."

ఫోన్ పెట్టేశాను. సమాధి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళి, ఊరికే కూర్చుని వచ్చాను.

బళ్ళు తెరిచాక, ఒక సాయంత్రం, పిల్లల పలకలు సర్దుతుంటే కొత్త నంబరునుంచి ఫోన్ వచ్చింది. ఒక పెద్దమనిషి గొంతు, కన్నడంలో. పేరు కేశవ అన్నాడు. ఉండేది బెంగళూరు, సొంతూరు మంగళూరు వైపు, ఇంట్లో మాట్లాడేది తుళు. గాడ్విన్ ఫోన్ ఎత్తడం లేదట. సుమ నా నంబరు ఇచ్చిందట.

"మీ తమ్ముడిచ్చిన పాచి చాలా బాగుంది మేడం" అన్నాడు. "ఇంత బాగా పెరిగేది నేనెక్కడా చూడలేదు. పీకిన కొద్దీ వస్తోంది. మీరేమీ అనుకోకపోతే ఒక మాట అడగాలి. మీ ఇంట్లో తెలుగు మాట్లాడతారు కదా?"

"ఔను."

"ఒక తెలుగు మాటకు అర్థం చెప్తారా? మా ఇంట్లో ఎవరికీ రాదు. నేను సరిగ్గా పలుకుతున్నానో లేదో."

ఒక్కో ముక్కా విడదీసి, జాగ్రత్తగా, అర్థం తెలియని మనిషి పలికినట్టు పలికాడు.

"ఇది... ఎవురిల్లు... నాయనా."

చేతిలో ఉన్న పలకను బల్ల మీద పెట్టాను.

"ఎవరన్నారు ఆ మాట?" అన్నాను.

"అదే తెలియడం లేదు మేడం. సాయంత్రం కింది లైటు వెలగగానే వినిపిస్తుంది. రోజుకు ఒక్కసారే. చాలా మర్యాదగా ఉంటుంది గొంతు. మొదట నేనే భ్రమపడ్డాననుకున్నాను. మా గుంపులో ఇంకో ఇద్దరు కూడా ఇదే మాట చెప్పారు."

నేను కన్నడంలో అర్థం చెప్పాను. అంతే చెప్పాను.

ఆయన వెనక ఎక్కడో నీళ్ళు తోడుతున్న చప్పుడు. నేను ఫోన్‌ను చెవికి అదుముకున్నాను.

"లైటు వెలిగే వేళైంది" అన్నాడాయన మెల్లగా. "ఇవాళ అడిగితే ఏమని చెప్పమంటారు మేడం?"